తప్పు చెప్పే తీరు

లోకంలో తప్పులు పట్టేవాళ్లకి కరువు లేదు. కరువల్లా తప్పు చెప్పడం తెలిసినవాళ్లకే. ఈ రెండూ ఒకటే పని అనుకుంటాం గానీ, కాదు. ముద్ద నోట్లో పెట్టుకుని "ఇదేం కూర!" అని కంచం పక్కకు జరిపినాయన తప్పు పట్టాడు. "వంకాయ బాగానే మగ్గింది, ఉప్పే చిటికెడు తక్కువైంది" అన్నాయన తప్పు చెప్పాడు. మొదటి మాట విన్న ఇల్లాలు పొయ్యి దగ్గర నిలబడి, పులుపు ఎక్కువైందా, కారం తక్కువైందా, అసలీ ఇంటికి నేనే ఎక్కువయ్యానా అని ఆలోచించుకోవలసిందే. రెండో మాట విన్నావిడ ఉప్పు డబ్బా అందుకుంటుంది. అంతే తేడా!

ఈ తేడా గురించి నన్ను ఆలోచింపజేసింది ఏ శతకమో, ఏ ప్రవచనమో అయివుంటే గౌరవంగా వుండేది. కానీ ఆలోచింపజేసింది కంప్యూటర్. కంప్యూటర్ అనగానే పేజీ తిప్పేయకండి. నేనూ ఆర్ట్స్ చదివినదాన్నే. నాకు బోధపడిన మేరకే చెబుతాను. నాకు బోధపడింది మీకు పడకపోవడమేమిటి!

మా అక్క కూతురు పదో తరగతి దాకా దేవరకద్ర దగ్గర పల్లెలో తెలుగు మీడియం చదివింది. ఆ ఇంట్లో ఇంజనీరింగు గడప తొక్కిన మొదటి మనిషి అదే. మా మహబూబ్‌నగర్ శివారు దివిటిపల్లిలో 2023లో ఐటీ టవర్ తెరిచినప్పటి నుంచీ మా బావగారు ఆ తోవన పోయినప్పుడల్లా బండి ఆపి చూసి వస్తారు. కూతురు ఏ అంతస్తులో కూర్చుని పనిచేస్తుందో కూడా ఆయన మనసులో నిర్ణయమైపోయింది. ఆ పిల్ల దసరా సెలవులకి మా ఇంటికొచ్చి, ఒక సాయంత్రం లాప్‌టాప్ ముందేసుకుని ఏదో రాసింది. మార్కులన్నీ కూడి సగటు చెప్పే చిన్న ప్రోగ్రామట. మీట నొక్కింది. తెరనిండా ఎర్రటి అక్షరాలు బిలబిలమంటూ దిగాయి. పిల్ల మొహం కూడా ఆ రంగుకే తిరిగింది.

"ఇరవై మూడు తప్పులంట చిన్నమ్మా! నేను రాసిందే ముప్పై లైన్లు. గండ్ల ఇరవై మూడు తప్పులంటే ఇంగ నాకేం వచ్చినట్టు? నాతోని గాదు. నాయినకు నువ్వే చెప్పు, బీఏల చేరుతా" అంది.

బీఏ అంటే తప్పులు చేసేవాళ్లందరూ చేరే చోటనుకుంది కాబోలు, బీఏ చదివిన నా ఎదుటే అనేసింది! నవ్వొచ్చినా నవ్వలేదు. దాని కళ్లల్లో నీళ్లున్నాయి మరి.

రాత్రి ఎనిమిదింటికి తోటి విద్యార్థిని ఒకమ్మాయి ఫోనులో చూసి చెప్పింది - పదో లైనులో ఫ్లవర్ బ్రాకెట్ ఒకటి ఎక్కువ పడిందని. దాన్ని తీసేసింది. ఇరవై మూడు తప్పులూ మాయం! అంటే చేసింది ఒక్కటే. చెప్పింది ఇరవై మూడు. ఆ ఒక్కటెక్కడుందో మాత్రం ఆ ఇరవై మూడింటిలో ఏదీ చెప్పలేదు.

ఇదెలా జరుగుతుందంటే - ప్రోగ్రాంలో ఫ్లవర్ బ్రాకెట్ ఇంటి తలుపులాంటిది. తెరిచిన బ్రాకెట్‌కీ మూసిన బ్రాకెట్‌కీ మధ్య వున్నవాళ్లంతా ఇంట్లోవాళ్లు. తలుపు ముందే మూసేశారనుకోండి, వెనక వచ్చే పెళ్లివారంతా వీధిలోనే నిలబడిపోతారు. అప్పుడు కాపలావాడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి "నువ్వెవరు, ఇక్కడెందుకున్నావ్?" అని గద్దిస్తాడే గానీ, "అయ్యో, తలుపు ముందుగా వేసేసినట్టున్నారండీ" అని మాత్రం అనడు. పెళ్లివారు ఇరవైముగ్గురైతే గద్దింపులూ 23.

ఇంతకీ ఆ కాపలావాడెవరు? కంపైలర్. నిజానికి కాపలావాడి కంటే దుబాసీ అనడం న్యాయం. పూర్వం దొరలకీ మనవాళ్లకీ మధ్య దుబాసీలుండేవారే, అలాంటిదన్నమాట. యంత్రానికి తెలిసినవి సున్నా, ఒకటి. మనిషి రాసేవి ఇంగ్లీషును పోలిన మాటలూ, లెక్కల గుర్తులూ. మనిషి రాసినదాన్ని చదివి యంత్రానికి తెలిసే భాషలోకి మార్చేదే కంపైలర్. మార్చలేకపోయినప్పుడు, ఎందుకు మార్చలేకపోయిందో రాసినవాళ్లకి తిరిగి చెప్పాలి. ఆ చెప్పే మాటని ఎర్రర్ మెసేజ్ అంటారు.

ఇలాంటి దుబాసీని తయారు చేయవచ్చునని మొట్టమొదట పట్టుబట్టినవాళ్లలో ఒక స్త్రీ వుందని మీకు తెలుసో లేదో. గ్రేస్ హాపర్ అని, లెక్కలు బోధిస్తూ అమెరికా నౌకాదళంలో చేరినావిడ. 1952లో ఏ-జీరో అనే కంపైలర్‌ని పూర్తి చేసింది. తర్వాత మామూలు ఇంగ్లీషు మాటలతో ప్రోగ్రాం రాసే పద్ధతి తెచ్చింది. అంతటితో ఆగక, అదే పనిని ఫ్రెంచి మాటలతోనూ, జర్మన్ మాటలతోనూ కూడా నడిపించి పైవాళ్లకి చూపించిందట. వాళ్లు మెచ్చుకోలేదు సరిగదా, అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచి ఎలా అర్థమవుతుందని కంగారు పడిపోయారట! ఇంగ్లీషు తప్ప మరొకటి వాడబోమని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చిందన్న సంగతి 1978లో ఒక సభలో ఆవిడే చెప్పింది. యంత్రానికి ఏ భాషైనా ఒకటే. పట్టింపులన్నీ మనుషులవే.

మరి ఆ దుబాసీకి అంత పెడసరపు నోరు ఎలా వచ్చింది? దానికీ ఓ కారణం వుంది. ఆ రోజుల్లో కంప్యూటరంటే గదంత వుండేది, దాని జ్ఞాపకశక్తి మాత్రం పిడికెడు. ప్రోగ్రాముని అట్టముక్కల మీద చిల్లులుగా పొడిచి, ఆ కట్ట అప్పజెప్పి వస్తే, జవాబు గంటలకో మర్నాటికో చేతికొచ్చేది. లోపల చోటు కరువు గనక, తప్పు జరిగితే ఒక అంకె మాత్రం అచ్చువేసేవారు. ఆ అంకెకి అర్థం లావుపాటి పుస్తకంలో వెతుక్కోవాలి. మాటకింత అని డబ్బు కట్టే రోజుల్లో "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని టెలిగ్రాం కొట్టినవాణ్ణి కఠినాత్ముడని అనలేం కదా. కానీ ఆ టెలిగ్రాం సేవ కూడా 2013లో ఆగిపోయింది. చేతిలో ఫోను పెట్టుకుని కూడా ఎవరైనా అదే ధోరణిలో మాట్లాడితే దాన్ని పొదుపు అనం, పొగరు అంటాం. కంప్యూటర్లలో చోటు పెరిగింది, వేగం పెరిగింది. మాటతీరు మాత్రం చాలాకాలం అట్టముక్కల నాటిదే.

1982లోనే బెన్ ష్నైడర్‌మన్ అనే అమెరికన్ ఆచార్యుడు ఈ సంగతి ఎత్తిచూపాడు. కంప్యూటర్లు మనుషులతో మాట్లాడేటప్పుడు "ఫేటల్", "ఇల్లీగల్", "అబార్ట్" వంటి మాటలు మానాలన్నాడు. ఆలోచించండి - కామా మర్చిపోయిన పిల్లని పట్టుకుని ప్రాణాంతకం, చట్టవిరుద్ధం, గర్భస్రావం! వాళ్లకవి అలవాటైన సాంకేతిక పదాలే కావచ్చు. చదివే పిల్లకి మాత్రం అవి తిట్లే.

మన తెలుగులో ఇది ఇంకా చిక్కు. మనకి పొరపాటు వేరు, తప్పు వేరు, నేరం వేరు. పొరపాటు చెయ్యి చేస్తుంది, తప్పు మనసు చేస్తుంది, నేరం తెలిసి చేస్తాం. గుణింతం పోతే తప్పు అంటాం, పరాయి సొమ్ము తీసినా తప్పే అంటాం. అందుకే "నీది తప్పు" అనగానే మనిషి తన కాగితాన్ని చూసుకోడు, తన పుట్టుకని చూసుకుంటాడు. ఎర్రర్ అన్న మాటని కొందరు "దోషం" అని తెలుగు చేశారు. కుజదోషమూ, నాగదోషమూ ఎలాగూ వున్నాయి, ఇప్పుడు బ్రాకెట్ దోషం కూడా! "నాతోని గాదు" అని మా పిల్ల అన్నది బ్రాకెట్ గురించి కాదు, తన గురించి.

ఇక తప్పు దొరికే చోటు గురించి. ఇది మనకి తెలిసినంతగా ఇంజనీర్లకి కూడా తెలియదేమో. పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వచ్చేవరకు పెట్టి ముగ్గు మొదలుపెట్టారనుకోండి. నాలుగో వరసలో ఒక చుక్క తప్పిపోయింది. అప్పుడు తెలుస్తుందా? తెలియదు. గీతలు కలుపుకుంటూ వచ్చి వచ్చి, ఆఖరి మెలిక దగ్గర గీతకి చుక్క అందదు. తెలిసేది ఆఖరి మెలిక దగ్గర, జరిగింది నాలుగో వరసలో. అనుభవం లేని పిల్ల ఆఖరి మెలికనే చెరిపి చెరిపి వేస్తుంది. ముగ్గు తెలిసిన అత్తగారు వచ్చి ఒక్కసారి చూసి, "ఇక్కడ కాదమ్మా, అదిగో, అక్కడ చుక్క తప్పావు" అని వేలు పెట్టి చూపిస్తుంది.

చాలాకాలం కంపైలర్లు ఆఖరి మెలికనే చూపించాయి. ఇవాళ పిల్లలు ఎక్కువగా నేర్చుకునే పైథాన్ అనే భాష వుంది. అందులో ఒక బ్రాకెట్ తెరిచి మూయడం మర్చిపోతే, ఏ దోషమూ లేని కింది లైనుని పట్టుకుని "వాక్యం చెల్లదు" అనేది. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 అనే కొత్త రూపంలో దీన్ని మార్చారు. ఇప్పుడు తెరిచిన చోటునే చూపించి, "ఈ బ్రాకెట్ మూయలేదు" అంటుంది. ముగ్గు తెలిసిన అత్తగారయింది అన్నమాట! చిన్న మార్పే. దాని వల్ల ఎన్ని ఊళ్లల్లో ఎంతమంది పిల్లలు ఆ రాత్రి త్వరగా నిద్రపోయారో ఎవరు లెక్కపెట్టగలరు?

అంతకు ముందే, 2015లో, ఎల్మ్ అనే చిన్న భాషని తయారుచేసిన ఎవాన్ చాప్లిట్స్కీ ఇంకో అడుగు వేశాడు. తన కంపైలర్ చేత "నేను" అని మాట్లాడించాడు. "నీది తప్పు" అని కాకుండా, "నాకు ఈ పేరు కనబడడం లేదు. దీనికి దగ్గరగా ఫలానా పేర్లున్నాయి, వాటిలో ఒకటేమో చూడు" అన్న ధోరణిలో. అది చూసి కొంత ఉత్సాహం పొంది, 2016లో రస్ట్ అనే భాషవాళ్లు కూడా తమ మెసేజ్‌లని తిరగరాశారు. ప్రోగ్రాములో ఆ ముక్కనే తీసి చూపించి, దాని కింద గీత గీసి, "ఇక్కడ నేను ఎదురుచూసింది ఇది, కనబడింది ఇది" అని రెండూ పక్కపక్కన పెడతారు.

చూడండి, ఇందులో ఎంత మర్యాద వుందో! ఎక్కడ - ఏమి చూశాను - ఏమి ఎదురుచూశాను. మూడే ముక్కలు. నువ్వు తెలివితక్కువదానివి అన్న తీర్పు లేదు. అయ్యో పాపం అన్న జాలీ లేదు. పైగా ఇందులో నిజాయితీ వుంది. ఎందుకంటే కంపైలర్‌కి నిజంగా తెలిసినది అంతే. నువ్వు మనసులో ఏమనుకుని రాశావో దానికి తెలియదు. తాను చదువుతూ ఎక్కడ ఆగిపోయిందో మాత్రమే తెలుసు. తనకి తెలిసినంతవరకే చెప్పడం, తెలియనిదాన్ని ప్రశ్నగా అడగడం - ఇది యంత్రానికి నేర్పగలిగిన మనం మనుషులకి నేర్పలేమా?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా జిల్లా మనుషుల్ని చూసి వచ్చింది. పాలమూరు కూలీ అంటే దేశమంతా తెలుసు. ఆనకట్టలు కట్టడానికీ, మేడలు కట్టడానికీ ముంబై, పుణె దాకా వలసపోయినవాళ్లు. అలా పోయినచోట ఎవరో రాసిచ్చిన కార్డులో పేరు ఒక రకంగా, ఇక్కడి బ్యాంకు పుస్తకంలో ఒక రకంగా వుంటుంది. ఎల్లయ్య అనే పేరునే తీసుకోండి. ఇంగ్లీషులో ఒకచోట వై అక్షరంతో మొదలవుతుంది, ఇంకోచోట ఇ అక్షరంతో. మనిషి ఒక్కడే, ముఖమూ ఒక్కటే. కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు. అప్పుడది చెప్పేదేమిటి? "వివరాలు సరిపోలలేదు." ఏ వివరాలు? ఊరా, వయసా, తండ్రి పేరా? చెప్పదు. కౌంటర్ వెనక కూర్చున్నాయనా అదే మాట అప్పజెబుతాడు. ఆయన ముందున్న తెర మీద కనబడుతున్నది కూడా అంతే కదా పాపం!

మాకు తెలిసిన ఒక ముసలాయన ఇలాగే ఒక ఆఫీసుకి నాలుగు వారాలు తిరిగాడు. తిరిగిన ప్రతిసారీ బస్సు చార్జీ, ఒక రోజు కూలి. నాలుగో వారం మా అరుగు మీద కూలబడి, "ఏదో తప్పుందంటరమ్మా. ఏం తప్పో చెప్పరు. నేనేం తప్పు జేసిన్నో నాకే ఎర్కలేదు" అన్నాడు. అరవై ఏళ్లు దాటిన మనిషి, జీవితమంతా ఇంకొకరి గోడలు లేపినవాడు, తానేం పాపం చేశానా అని వెతుక్కుంటున్నాడు! "కార్డులో మొదటి అక్షరం వై, పుస్తకంలో ఇ" అని ఆ తెర ఒక్క ముక్క చెప్పివుంటే మొదటి రోజే పని సగం అయిపోయేది. కూరలో ఉప్పు మాట అనుకున్నాం గానీ, తప్పు సరిగా చెప్పకపోవడానికి ఖరీదు వుంది. ఆ ఖరీదుని ఎప్పుడూ చెప్పినవాడు కట్టడు, విన్నవాడు కడతాడు. విన్నవాడు ఎంత చిన్నవాడైతే ఖరీదు అంత పెద్దది.

నా మట్టుకు నాకు ఇదే ధర్మసూక్ష్మంగా తోస్తుంది. తప్పు జరిగిందని తేల్చగలవాడి చేతిలో అధికారం వుంటుంది. అర్థమయ్యేలా చెప్పే బరువు కూడా ఆ చేతిలోనే వుండాలి. "నేను చెప్పాను, నీకర్థం కాకపోతే నీ ఖర్మ" అనడానికి లేదు. వినేవాడు పట్టుకోలేని మాట చెప్పని మాటతో సమానం.

ఎదుటివారి పొరపాటుని ఎలా చెప్పాలో మా జిల్లాలో పుట్టిపెరిగిన పెద్దమనిషే ఒకాయన చేసి చూపించాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు. ఆయన స్వగ్రామం ఇటిక్యాలపాడు ఇవాళ జోగులాంబ గద్వాల జిల్లాలో వుంది గానీ, నిన్నమొన్నటి దాకా మా పాలమూరే. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సంపాదకులు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు తీసిపారేస్తే, ప్రతాపరెడ్డిగారు చేతిలో పత్రిక వుండి కూడా తిట్లతో సరిపెట్టుకోలేదు. ఊరూరి నుంచీ కవుల వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. మీరు అనుకున్నది సున్నా, ఇక్కడ వున్నది 354. ఎదురుచూసింది ఇది, కనబడింది ఇది! ఆ పుస్తకం చూశాక ఎవరికైనా వాదించడానికి ఏం మిగులుతుంది? ఆ రోజు తిట్టివుంటే తిట్టు ఆ వారంతో పోయేది. పుస్తకం ఇప్పటికీ వుంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్లూ వున్నారు. "ఇంత సుకుమారం అయితే పిల్లలు ఎలా గట్టిపడతారు? మేమంతా దెబ్బలు తినే నేర్చుకున్నాం" అంటారు. వాళ్ల వైపు కూడా కొంత సాక్ష్యం లేకపోలేదు. 2014లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయం వారు విద్యార్థులకి ఎర్రర్ మెసేజ్‌లు వివరంగా, ఉదాహరణలతో రాసి ఇచ్చి చూస్తే, చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2016లో ఐర్లండులో ఇలాంటి ప్రయత్నమే చేస్తే తప్పులు తగ్గాయి. ఇక 2017లో అమెరికాలో 56 మందిని కూర్చోబెట్టి, పనిచేసేటప్పుడు వాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో పరికరంతో కొలిచారు. ఆ చూపుల్లో 13 నుంచి 25 శాతం ఎర్రర్ మెసేజ్‌ల మీదే వున్నాయట. చదవరు అనుకుంటాం గానీ చదువుతారు. చదవడమే, అసలు ప్రోగ్రాం చదివినంత కష్టంగా వుంటుందని తేలింది.

వీటన్నిటిని బట్టి నాకు తోచింది ఇది - వివరంగా చెప్పినంత మాత్రాన, తియ్యగా చెప్పినంత మాత్రాన చాలదు. "అమ్మా బంగారూ, ఎక్కడో ఏదో చిన్న పొరపాటు జరిగినట్టుందమ్మా" అని బుజ్జగిస్తే పిల్లకి ఏడుపు ఆగుతుందేమో గానీ బ్రాకెట్ దొరకదు. మెత్తదనం వేరు, స్పష్టత వేరు. రెండింటిలో ఒకటే వుంటుందంటే నేను స్పష్టతనే కోరుకుంటాను. మా పిల్ల కుంగిపోయింది కంపైలర్ కోపంగా మాట్లాడిందని కాదు, అది చెప్పినదాంతో ఏం చేయాలో తెలియక. దెబ్బలు తిని నేర్చుకున్నామనేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు - నేర్చుకున్నవాళ్లే ఇవాళ మాట్లాడుతున్నారు. మానేసినవాళ్లు మాట్లాడడానికి ఇక్కడ లేరు.

రెండో చివర ఇంకో ప్రమాదం వుంది. తప్పు చెప్పకుండా తామే దిద్దేసేవాళ్లు. 1970ల మొదట్లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వారు విద్యార్థుల కోసం పీఎల్/సీ అనే కంపైలర్ చేశారు. అట్టముక్కల కోసం రోజంతా కాచుకునే కాలం కదా, ఒక్క కామా కోసం పిల్లల్ని తిప్పిపంపడం ఎందుకని, తప్పు కనబడితే అదే ఊహించి దిద్దుకుని ముందుకు పోయేది. ఆ కాలానికి అది దయే. కానీ ఊహ అన్నది ఊహే. నువ్వు అనుకున్నది ఒకటి, అది దిద్దింది ఇంకొకటి అయితే? 2017లో మన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు విద్యార్థులు రాసిన 6971 తప్పుల ప్రోగ్రాములని ఒక యంత్రానికి ఇస్తే, అందులో 27 శాతం పూర్తిగా సరిచేసి ఇచ్చింది. ఇవాళ్టి కృత్రిమ మేధ అయితే అడగడమే ఆలస్యం, మొత్తం దిద్ది చేతిలో పెడుతోంది.

మంచిదే. కాలం కలిసొస్తుంది. కానీ హోంవర్కు తానే చేసిపెట్టే తల్లిని మనం చూడలేదా? కూతురు చేత ఒక్కనాడు పొయ్యి ముట్టించనివ్వక, పెళ్లయ్యాక "మా అమ్మాయికి ఏమీ రాదండీ" అని వియ్యపురాలితో మురిపెంగా చెప్పుకునే తల్లిని? ఆవిడ ప్రేమని శంకించను. కానీ తప్పుని చూపించకుండా దిద్దేయడంలో కూడా ఒక చిన్నచూపు వుంది - "నీకు చెప్పినా రాదులే" అని. తిట్టేవాడూ, దిద్దేవాడూ ఇద్దరూ ఎదుటిమనిషిని చేతకానివాళ్ల కిందే కట్టేశారు. చోటు చూపించి పక్కకి తప్పుకున్నవాడు మాత్రమే "ఇది నువ్వు చేసుకోగలవు" అన్నాడు. నా దృష్టిలో గౌరవమంటే అదే.

ఇవన్నీ తెలుగులో వస్తే బాగుండు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఫ్రెంచి, జర్మన్ మాటలు నడిచిన యంత్రం మీద తెలుగు మాత్రం ఎందుకు నడవదు? ఏటీఎంలూ, ఫోన్లూ తెలుగు మాట్లాడుతూనే వున్నాయి. కానీ తెలుగులోకి మార్చడమూ, అర్థమయ్యేలా చెప్పడమూ ఒకటి కాదు. "అమాన్య వాక్యనిర్మాణ దోషము సంభవించినది" అన్నారనుకోండి, అక్షరాలు తెలుగే. మా అక్క కూతురికి ఇంగ్లీషే నయమనిపిస్తుంది! "ఇక్కడ తెరిచిన బ్రాకెట్ ఎక్కడా మూయలేదు" అంటే అది తెలుగు. "కార్డులో పేరు ఒక తీరుగ వుంది, బుక్కుల ఇంకో తీరుగ వుంది" అంటే అది మా పాలమూరు తెలుగు. ఆ ముసలాయనకి కావలసింది అదీ.

ఆ మాటలు యంత్రంలోకి ఎవరో ఒకరు ఎక్కించాలి కదా. తప్పుని పట్టడం యంత్రం చేస్తుంది గానీ, ఆ తప్పు ఎదురైన మనిషి ఏ స్థితిలో వుంటుందో ఊహించి మాట కూర్చవలసింది మనిషే. అర్ధరాత్రి పరీక్ష ముందు కూర్చున్న పిల్లా, కూలి పోగొట్టుకుని వచ్చిన ముసలాయనా ఆ రాసేవారి కళ్ల ముందు మెదలాలి. ఎవరో మన కళ్ల ముందు మెదిలితే తప్ప మనం కథలు మాత్రం రాస్తామా? ఇంజనీర్ల పనిలో నా బోటి ఆర్ట్స్ మనిషికి నచ్చిన భాగం ఇది.

యంత్రాల సంగతి వాళ్లు చూసుకుంటారు. మన చేతిలో వున్నవి మన నోళ్లు. పనిమనిషికీ, కోడలికీ, పరీక్ష తప్పిన పిల్లవాడికీ రోజుకి పదిసార్లు మనం ఎర్రర్ మెసేజ్‌లు ఇస్తూనే వుంటాం. "ఈ ఇంట్లో ఒక్క పనీ సరిగ్గా జరగదు" అన్నది అందులో ఒకటి. ఎవరికి, ఏ పని, ఎక్కడ తప్పింది - ఏదీ లేదు అందులో. విన్నవాళ్లంతా తలొక మూలకీ సర్దుకోవడం తప్ప ప్రయోజనం లేదు. మనం ఎదురుచూసింది ఏమిటి, కనబడింది ఏమిటి అని ఒక్క క్షణం మనలో మనం అనుకుని ఆ తర్వాత నోరు తెరిస్తే, సగం మాటలు చిన్నవైపోతాయి. సగం అసలు అనవలసిన అవసరమే వుండదు. ఏమంటారు?